పిల్లల పరిచర్యకే పెద్ద చదువు



ఎవరి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ అమ్మగారు ఆయుష్షంతా పిల్లల మధ్యే గడిపారు. ఆమె పేరిట మాట్లాడుతున్నాను కనుక మన సంఘాల్లో పాతుకుపోయిన ఒక అలవాటు గురించి సూటిగానే చెబుతాను. వేదిక మీద ప్రసంగించాలంటే వేదాంత డిగ్రీ బి.డి. చదివి ఉండాలంటాం. పిల్లలకు పాఠం చెప్పడానికి మాత్రం నిన్నగాక మొన్న ఇంటర్ రాసిన అమ్మాయిని పిలిచి, "పిల్లలకేగా, ఓ కథ చెప్పి పాట పాడించమ్మా" అని పుస్తకం చేతిలో పెడతాం. పాపం, ఆ అమ్మాయి ప్రేమతోనే ఒప్పుకుంటుంది. కానీ దేవుడు ఎలాంటివాడన్న ఊహ మనిషి మనసులో మొదట నాటుకునేది ఆ క్లాసులోనే. అక్కడ పడ్డ ముద్రను నలభై ఏళ్ల ప్రసంగాలు కూడా చెరపలేకపోవడం మనందరం చూస్తున్నదే.

మొదటి నుంచీ ఇలా లేదు. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్ పట్టణంలో రాబర్ట్ రైక్స్ ఆదివారపు బడి పెట్టినప్పుడు, వారమంతా పనిచేసే పేదపిల్లలకు చదవడం నేర్పేందుకు జీతమిచ్చి టీచర్లను పెట్టాడు. మన పల్లెల్లోనూ అక్షరాలు దిద్దించిన పంతులే ప్రార్థన నడిపేవాడు. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్యగారు ఈ పల్లె పంతుళ్ల తర్ఫీదును తన ముఖ్యమైన పనుల్లో ఒకటిగా పెట్టుకున్నారు, వారి భార్యలకూ శిక్షణ ఇప్పించారు. తర్వాత బడి ఒక దారి, సంఘం ఒక దారి అయ్యాయి. చదువుకున్న కాపరి పెద్దల వైపు వెళ్లాడు. పిల్లలు ఎవరికి తీరికుంటే వారి పాలయ్యారు.

దీనివల్ల ఏమవుతుందో ఒక క్లాసులో చూశాను. ఆ రోజు పాఠం ఆదికాండం 22వ అధ్యాయం, అబ్రాహాము ఇస్సాకును బలి ఇవ్వబోయిన కథ. టీచరు ఫ్లానెల్ బోర్డు మీద కొండ, కట్టెలు, కత్తి ఒక్కొక్కటే అంటిస్తూ అబ్రాహాము విశ్వాసం గురించి చక్కగా చెబుతోంది. ఏడేళ్ల పాప ఒకతె చెయ్యెత్తి, "ఇస్సాకుకి ముందే చెప్పారా టీచర్?" అంది. టీచరు ఒక్క క్షణం ఆగి, "ప్రశ్నలు తర్వాత, ముందు బంగారు వాక్యం ఒప్పజెప్పు" అంది. పాప గుక్కతిప్పుకోకుండా ఒప్పజెప్పింది. మార్కులూ పడ్డాయి.

పెద్దలం ఆ కథ వింటూ అబ్రాహాము పక్కన నడుస్తాం. ఆ పాప ఇస్సాకు పక్కన నడిచింది, ఎందుకంటే తనూ ఒక తండ్రి బిడ్డే. లేఖనాన్ని శ్రద్ధగా చదివిన టీచరైతే ఆ ప్రశ్నకు మురిసిపోయేది. ఇస్సాకు నోటి మాట కూడా ఆ అధ్యాయంలో ఉంది, నిప్పూ కట్టెలూ ఉన్నాయి, గొర్రెపిల్ల ఏదీ అని వాడు తండ్రినే అడుగుతాడు. చివర్లో అబ్రాహాము పనివాళ్ల దగ్గరికి తిరిగొచ్చాడని ఉంటుంది, ఇస్సాకు పేరు అక్కడ కనబడదు. బిడ్డల్ని బలివ్వడం దేవుడికి అసహ్యమని లేవీయకాండమూ యిర్మీయా గ్రంథమూ గట్టిగా చెబుతాయి. ఇవన్నీ తెలిసిన మనిషి ముందుగా తేల్చుకునే సంగతి మరొకటుంది: ఈ కథ ఏడేళ్ల వయసుకు చెప్పాలా, ఇంకో నాలుగేళ్లు ఆగాలా? ఏ పాఠం ఏ వయసుకో తేల్చడమంత కష్టమైన పని వ్యాఖ్యాన శాస్త్రంలో నాకు ఇంకొకటి కనబడదు.

యువకుల దగ్గరికొస్తే ప్రశ్నలు మరింత బరువెక్కుతాయి. ఇంటర్ ఫలితాలొచ్చిన వారంలో మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని ఇళ్లలో దుఃఖం నిండుతుందో మీకు తెలుసు. అలాంటి ఇంటికెళ్లి, తప్పిన కుర్రాడితో "ప్రార్థన చాలలేదు నాయనా" అనే మనుషులు మన సంఘాల్లో ఉన్నారు. యోబు స్నేహితులు చేసిందీ అదే, చివరికి దేవుడు వాళ్లనే గద్దించాడు. పుట్టుగుడ్డివాడిని చూపించి ఎవరి పాపమని శిష్యులు అడిగితే, ఆ లెక్కే చెల్లదని యేసు తేల్చేశాడు. యోబు గ్రంథాన్నీ విలాప కీర్తనల్నీ నిజంగా చదివినవాడు ఆ కుర్రాడి పక్కన మాట్లాడకుండా కూర్చోగలడు. ఈ ఒక్క చోట దైవశాస్త్రం ప్రాణం నిలబెట్టగలదని నమ్ముతాను.

ఇంకో ప్రశ్న మన గడ్డదే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. ఆ కులాల నుంచి వచ్చిన క్రైస్తవులు బయటే ఉండిపోయారు, ఇక్కడ వారిని బి.సి.-సి కింద రాస్తారు. కాలేజీ సీటు కోసం హిందువని రాసిన ఎస్సీ సర్టిఫికెట్ పట్టుకుని నిలబడ్డ పిల్లవాడు, "కాగితంలో ఒకటి, గుడిలో ఒకటి. నేను అబద్ధమాడుతున్నానా?" అని యూత్ మీటింగులో అడిగితే గిటారు వాయించేవాడు ఏం చెబుతాడు? అరవింద్ నిర్మల్ మొదలైనవారు 1980ల నుంచి కట్టిన దళిత దైవశాస్త్రం ఇలాంటి గాయాల్లోంచే పుట్టింది. యువజన నాయకుడు అది చదవకుండా ఆ పిల్లవాడికి నీతులు చెప్పకూడదు.

క్షమాపణ గురించిన బోధ కూడా అరకొరగా ఉంటే ప్రమాదమే. బాధపడ్డ బిడ్డను "క్షమించెయ్యి, బయట చెప్పకు" అని నోరు మూయించడం సువార్త కాదు. 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసీ ఫిర్యాదు చేయకపోవడమూ నేరమే. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ప్రతి సండే స్కూలు గోడ మీదా ఉండాలి. పశ్చాత్తాపం, న్యాయం, క్షమ ఏ వరుసలో నడుస్తాయో తెలిసిన టీచరుకు ఆ బిడ్డ పక్షాన నిలబడే ధైర్యం వస్తుంది.

ఇంత చదువు ఎలా సాధ్యమంటారేమో. సేరంపూర్ సెనేటు వారి క్రైస్తవ అధ్యయనాల డిగ్రీ బి.సి.ఎస్. కోర్సును ఉద్యోగం చేసుకుంటూ ఇంటి దగ్గరే ఉండి చదువుకోవచ్చు. వచ్చే సంవత్సరపు బడ్జెటులో కొత్త మైకు సెట్టుకంటే ముందు ఒక టీచరు ఫీజు రాయండి. బి.డి. విద్యార్థులకు ఫీల్డ్ వర్క్ ఇచ్చే అధ్యాపకులకు నా మనవి: వారిని ఆరు నెలలు పిల్లల క్లాసులో ఉంచండి, అక్కడ వచ్చిన ప్రశ్నలు రాసుకురమ్మని అడగండి. చదువు పూర్తిచేసి వచ్చిన టీచరును, సంఘ పెద్దలారా, దయచేసి పెద్దల క్లాసుకు మార్చకండి.