దిగువవారి నీరు
(శతవత్సరోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన అడవి ప్రాంతమునకు సువార్త గోదావరి వెంట వచ్చినది. 1860 ప్రాంతములో పడవల రాకపోకల కొరకు దుమ్ముగూడెము వద్ద పనులు జరుగుచుండగా, ఇంజనీరు కెప్టెన్ హెయిగ్ గారి పూనికతో కోయల మధ్య మిషను మొదలైనది. తరువాత జాన్ కెయిన్ దొరగారు అక్కడ ఏండ్ల తరబడి సేవ చేశారు. ఆ పడవల మార్గము నిలువలేదు. 1965లో భద్రాచలము వంతెన తెరచిన తరువాత రోడ్డే మన దారి అయినది. మణుగూరు, కొత్తగూడెము బొగ్గు లారీలు, యాత్రికుల బస్సులు, మన మోటారు సైకిళ్లు దానిమీదనే తిరుగుచున్నవి. ఆ రోడ్డు మనకు ఆసుపత్రిని, బడిని దగ్గర చేసినది. అయితే అది నదికి ఏమి ఇచ్చుచున్నదో కూడ నేడు ఆలోచింతము.

టైరు అరుగునని అందరికి తెలియును. అరిగిన రబ్బరు ఎక్కడికి పోవును? 2017లో ప్రచురింపబడిన ఒక లెక్క ప్రకారము, ప్రపంచములో మనిషికి సగటున ఏడాదికి 0.8 కిలో టైరు పొడి రాలుచున్నది. మన దేశములో అది పావు కిలోకు లోపే. కాని మన బండ్లు ఏటేట పెరుగుచున్నవి. ఆ పొడి వట్టి చెట్టుపాల రబ్బరు కాదు. పెట్రోలియము నుండి చేసిన కృత్రిమ రబ్బరు, మసి, జింకు, మరి కొన్ని రసాయనములు అందులో ఉన్నవి. అందుచేత శాస్త్రజ్ఞులు దానిని 5 మిల్లీమీటర్లకు లోపు ఉండు ప్లాస్టిక్ రేణువులతో చేర్చి లెక్కించుచున్నారు.

తొలకరి వానకు రోడ్డుమీది నల్లని నీరు వాగులలోనికి, కిన్నెరసానిలోనికి, గోదావరిలోనికి దిగును. నీటికన్న బరువైన ఈ పొడి మడుగుల బురదలో కూర్చుండును. వరద రాగానే లేచి పోవును. 1986 ఆగస్టులో భద్రాచలము వద్ద 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు నీరు వచ్చుట మనకు తెలిసినదే. అట్టి వరద మన చెత్తను పాపికొండలు, ధవళేశ్వరము దాటించి, గౌతమి, వసిష్ఠ పాయలకు, కోరంగి మడ అడవులకు, సముద్రమునకు చేర్చును. చేపపిల్లలు, రొయ్యపిల్లలు పెరుగు చోటు ఆ మడ అడవులే.

దీనివలన కీడేమి? అమెరికాలో సియాటిల్ దగ్గరి వాగులలోనికి గ్రుడ్లు పెట్టుటకు వచ్చు కోహో సాల్మన్ చేపలు వాన కురిసిన తరువాత చనిపోవుచుండెను. 2020 డిసెంబరులో కారణము ప్రకటించిరి. టైరు పగులకుండ కలుపు 6పీపీడీ అను రసాయనము గాలిలోని ఓజోనుతో కలిసి విషమగుచున్నది. కాని దానికి చమ్ సాల్మన్ అను దగ్గరి జాతి చేప చావలేదు. కనుక ఒక చేప బ్రతికియున్నదని నీరు మంచిదని చెప్పరాదు. నిరీక్షణ కలిగించు సంగతి కూడ ఒకటి ఉన్నది: ఇసుక, ఎరువు గుండా వడకట్టిన రోడ్డు నీటిలో ఆ కోహో చేపలే బ్రతికినవి.

యెహెజ్కేలు 34వ అధ్యాయములో, తాము తేటనీరు త్రాగి, మిగిలిన నీటిని కాళ్లతో బురద చేసిన గొర్రెలను ప్రభువు విచారించుచున్నాడు. నేడు మన చక్రములే మన కాళ్లు. ఏటి ఒడ్డున వల వేయు కోయ కుటుంబము, కోనసీమ చివర పడవ నడుపు సహోదరుడు ఆ మిగిలిన నీటివారే.

రోడ్డు మానుమని మేము చెప్పుట లేదు. టైర్లలో సరిపడ గాలి ఉంచుదము; బరువు, వేగము తగ్గింతము; చలిమంటకు పాత టైర్లు కాల్చకుందుము. గుడి ఆవరణలో రోడ్డు నీరు నేరుగా వాగులో పడకుండ, చేదబావికి దూరముగా, గడ్డి పెంచిన కాలువ త్రవ్వుదము. ప్లాస్టిక్ గ్లాసులు, పళ్లెములు 2022 జూలై 1 నుండి ప్రభుత్వమే నిషేధించినది. మన కన్వెన్షను పందిట్లో మోదుగాకు, అడ్డాకు విస్తర్లు వేసిన, ఆకు కోసి కుట్టు తల్లులకు నాలుగు రూపాయలు కూడ దొరకును. ఫ్లెక్సీకి బదులు గుడ్డమీద వ్రాసిన వాక్యము వాక్యము కాకపోదు.

మన పెద్దలు ఈ నీటిలో బాప్తిస్మము పొందిరి. రాబోవు నూరేండ్లలో మన బిడ్డల బిడ్డలును ఇందులోనే దిగవలెను. ఎగువనున్న మనకు దిగువవారిని తలచు మనస్సును ప్రభువు దయచేయును గాక. ఆమేన్.