నీటిమీది ఎర

చేపను గాలంతో పట్టడానికి రెండు మార్గాలున్నవి. నీటి అడుగున ఎరను వేలాడదీసి, బెండు మునిగేదాకా వేచి ఉండడం ఒకటి. నీటి పైననే ఎరను నడిపించి, లోపలి చేపను పైకి రప్పించడం రెండవది. ఈ రెండవ విద్యను గూర్చి నేడు ముచ్చటించదలచినాను.

అమెరికా తూర్పు తీరంలో ఈ విద్యకు పేరుపడిన చేప స్ట్రైప్డ్ బాస్. వెండివంటి ఒడలు, దాని వెంట నల్లని చారలు. ఉదయ సాయంసంధ్యలలో అది చిన్న చేపల గుంపులను తీరానికి తరిమి తింటుంది. సముద్రపక్షులు ఒకచోట మూగినవంటే, కింద ఈ చేప ఉండవచ్చునని వేటగాండ్లు గుర్తిస్తారు. కొయ్యతో చేసిన బొమ్మచేపను నీటిపై చప్పుడయ్యేట్లు లాగుతారు. ఈకలూ వెంట్రుకలూ కట్టిన కొక్కేన్ని పురుగువలె, చేపపిల్లవలె భ్రమింపజేస్తారు.

సముద్రానికి ఎంతో దూరాన ఉన్న చెల్పూరు వారికి ఈ ప్రస్తావన ఎందుకని అడుగవచ్చును. చెల్పూరు అనగానే నేడు కాకతీయ తాపవిద్యుత్కేంద్రపు పొగగొట్టాలు స్ఫురిస్తవి గాని, ఆ సమీపాననే గణపురంలో కాకతీయుల నాటి గణపసముద్రం ఉన్నది. గాలపువేట కూడ మనకు కొత్తది కాదు. 12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు సంతరించిన మానసోల్లాసంలో మత్స్యవినోదానికి ఒక ప్రకరణమే కలదు. కాకతీయులు తొలుత ఆ చాళుక్యులకు సామంతులే.

మన చెరువుల తుంగలో, తామరాకుల నీడలో చారలచేపకు దీటైనది కొర్రమీను. మన పల్లెలలో కొర్రమట్ట అంటారు. 2016లో తెలంగాణ దీనిని రాష్ట్రపు చేపగా ఎన్నుకున్నది. మొప్పలున్నా ఈ చేపకు నీటిలోని ప్రాణవాయువు చాలదు. తలలోని ప్రత్యేకమైన గదులతో గాలినే పీలుస్తుంది. అందువల్ల మాటిమాటికి పైకి రాక తప్పదు. కప్ప దానికి ప్రీతికరమైన ఆహారం. బతికిన కప్పను గాలానికి గుచ్చడం పాత పద్ధతి. ఇప్పుడు రబ్బరు కప్పలు వచ్చినవి. కప్పజాతికి ఈ ఏర్పాటే మేలు! వాటి కొక్కేలు వీపునానుకొని పైకి తిరిగి ఉంటవి గనుక ఆకులకు తగులుకొనవు. కప్పను ఆకులమీదుగా ఎగిరించి, ఆకుల నడుమ నీరు కనిపించినచోట క్షణం ఆపవలె. నీరు భగ్గున పగిలినప్పుడు కర్రను వెంటనే లాగరాదు. చేప బరువు దారానికి తెలిసేదాకా ఓర్చుకోవలె. చారలచేపను వేటాడేవారు చెప్పే మాట కూడ ఇదే.

ఈ రెండు చేపలకూ భేదం సంతానం విషయంలో ఉన్నది. స్ట్రైప్డ్ బాస్ వసంతంలో సముద్రం విడిచి నదులకెక్కి, గుడ్లను ప్రవాహానికి వదిలిపోతుంది. కొర్రమీను అట్లా కాదు. వానలు పడగానే జంటగా చేరి, లోతు తక్కువైన గడ్డిలో చోటు చేసుకొని గుడ్లు పెడుతుంది. అవి నీటిపై తేలుతవి. పిల్లలు ఎర్రని మబ్బువలె గుంపుకట్టి తిరుగుతుంటే, తల్లిదండ్రులు అడుగున కావలి కాస్తవి. ఆ మబ్బుమీదుగా కప్పబొమ్మను లాగితే చాలు, పెద్దచేప విరుచుకుపడుతుంది. అది ఆకలితో కాదు, పిల్లలకు శత్రువు వచ్చిందన్న కోపంతో. గాలానికి ఇంతకంటె సులువైన చేప లేదు. కావలి పోయిన పిల్లలను నీటిపాములు, కొంగలు, ఇతర మీనాలు పంచుకుంటవి. ఒక్క పూట కూరకు వేల పిల్లలు మూల్యం! దీనిని నేను వేట అనజాలను.

చిక్కేమంటే, మృగశిర ప్రవేశించిన నాడు చేప తినవలెనని మన ఆచారం. అప్పుడే కొర్రమీనుకు గిరాకి. అప్పుడే దానికి సంతానకాలం ఆరంభం. ఆచారాన్ని మానుమనడం నా ఉద్దేశం కాదు. వలవేసి బతికే బెస్తవారిని, ముదిరాజులను ఈ మాట అనడం లేదు. వారికి చెరువే జీవనాధారం. సరదాకు గాలం పట్టే మనబోటివారితోనే నా వాదం. అమెరికాలో 1970ల చివర స్ట్రైప్డ్ బాస్ క్షీణించగా, 1984లో కేంద్ర శాసనం చేసినారు. మేరీలాండ్ రాష్ట్రం 1985 నుండి 1990 దాకా ఆ చేపను పట్టడమే నిషేధించింది. చేప మరల వృద్ధిపొందింది.

మన చెరువులో అన్నేండ్ల నిషేధం అక్కరలేదు. ఎర్రని గుంపు కనబడితే గాలాన్ని మరొక దిక్కుకు విసరవచ్చును. కొన్ని వారాలకు పిల్లల ఎరుపు తగ్గి, గుంపు విడిపోతుంది. కార్తికం నాటికి నీరు తేటపడి, మత్తడి సద్దుమణుగుతుంది. తెల్లవారుజామున కట్ట దిగి, తామరాకుల అంచున కప్పబొమ్మను విసరడానికి అదే అదను.