పూడిక మన్ను – చిన్న ప్రాణుల పరీక్ష

(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయుడు చేసిన ఉపన్యాసము)



పరీక్షా ఫలితములను కార్యదర్శిగారు చదివి వినిపించిరి. నేను మరియొక సంగతి చెప్పదలచితిని. గత వేసవిలో మన బడితోటలో ఆకుకూరలు పెంచుటకై చెఱువు పూడిక మన్ను తోలింపవలెనని తలపెట్టితిని. పూడిక మన్ను పొలమునకు బలమని మన పెద్దలందఱు ఎఱుగుదురు. అప్పుడొక తండ్రి నా వద్దకు వచ్చి, "అయ్యా, తోళ్ల కార్ఖానాల నీరు కలియు చెఱువు గదా, ఆ మన్ను పిల్లలు చేతులతో పట్టవచ్చునా?" అని అడిగిరి. "అందులో చేపలు బ్రదుకుచునే యున్నవి గదా" అని తేలికగా బదులు చెప్పితిని. ఆ బదులు తప్పు. ఎందువలన తప్పో తెలిసికొనుటకు నాకు కొన్ని నెలలు పట్టినది.

చేప నీటిలో తిరుగును. కార్ఖానాల నుండి వచ్చు లోహములు చాలవఱకు మట్టిరేణువుల నంటుకొని అడుగునకు దిగును. పైనీరు తేటగా కనబడినను, అడుగు బురదలో విషము ఏండ్ల తరబడి నిలిచి యుండవచ్చును.

రసాయనశాలకు పంపిన చాలదా అని మీరు అడుగవచ్చును. తోళ్లు పదును చేయుటకు వాడు క్రోమియమునే తీసికొందము. దాని రూపములలో ఒకటి మట్టిలో అంతగా కరుగక పడియుండును. మరియొకటి నీటిలో సులభముగా కరగును, అదియే మిక్కిలి విషము. మొత్తము క్రోమియము ఇంత అని ఒక్క అంకె చెప్పినంత మాత్రమున ప్రాణికి తగులు హాని ఎంతయో తెలియదు. పైగా రసాయనశాల మనము అడిగిన పదార్థమునే వెదకును. అడుగని దానిని గూర్చి మాటాడదు.

ఇందుకై శాస్త్రజ్ఞులు చిన్న ప్రాణులనే అడుగుచున్నారు. నీటిని పరీక్షించుటకు డాఫ్నియా అను పురుగు వంటి ప్రాణి పిల్లలను 48 గంటలు అందులో నుంచి, కదలక పడినవెన్నియో లెక్కింతురు. కాని అది ఈదునది. బురద సంగతి చెప్పుటకు బురదలో ప్రాకి, బురదనే తిను ప్రాణి కావలెను. అట్టిదే ఆస్ట్రకోడు. రెండు చిప్పల నడుమ ఇమిడి, పెరిగిన తరువాత ఆవగింజంత యుండును. వీనిలో హెటెరోసైప్రిస్ ఇన్‌కాంగ్రుయెన్స్ అను జాతి ఎండిపోవు గుంటలలో బ్రదుకును. దాని గ్రుడ్లు ఎండినను చావవు, తడి తగిలినచో పొదుగును. కావున వానిని సీసాలో దాచి, కావలసినప్పుడు తీసి వాడుదురు. ఈ పద్ధతిని ఐ.ఎస్.ఓ. సంస్థ 2012లో 14371వ సంఖ్యతో ప్రమాణముగా ప్రకటించినది.

అప్పుడే పొదిగిన పిల్లలను గుంటకు 10 చొప్పున పరీక్షింపవలసిన బురదలో విడుతురు. మేతగా నాచు వేయుదురు. అట్లే శుభ్రమైన మన్నులోను కొన్నిటిని విడుతురు. 6 దినముల పిమ్మట ఎన్ని మిగిలినవో లెక్కించి, మిగిలిన వాని పొడవును సూక్ష్మదర్శినితో కొలుతురు. ఈ రెండవ కొలత నాకు మిక్కిలి నచ్చినది. హాజరుపట్టీలో పేరున్నంత మాత్రమున పిల్లవాడు చదువుకొనుచున్నాడని చెప్పలేము గదా! చావకున్నను పెరుగని ప్రాణి కూడ ఆ బురదపై ఫిర్యాదు చేయుచున్నదే.

అయితే ఏ విషము బాధించినదో ఆ ప్రాణి చెప్పలేదు. ఆ మన్నులో పెరిగిన కూర మనిషికి మంచిదా కాదా అనియు చెప్పలేదు. అందుకు రసాయనశాలయే కావలెను. పిల్లలు ఎండిన గుంట మన్ను గాజుపాత్రలో నానవేసి చూచినచో ఇట్టి ప్రాణులు పొదుగుట కనబడవచ్చును. అది చక్కని వినోదమే గాని, విషపరీక్ష యనరాదు.

మన్ను ఇంకను తోలింపలేదు. రెండు పరీక్షలకును ఏర్పాటు చేయుడని కోరుచు పాఠశాల సంఘము వారు విశ్వవిద్యాలయమునకు లేఖ వ్రాసిరి. ప్రత్యుత్తరము వచ్చువఱకు మడులకు పశువుల ఎరువే గతి. ఎవరింటనైన మాగిన ఎరువున్నచో, రెండు మూడు బండ్లు సోమవారము లోపల బడికి పంపవలెనని కోరుచున్నాను.