పేర్ల పలుకుబడి, పుట్టుక

ఎదుటివాని పేరు మనము దినమునకు పదిమార్లు పిలుతుము. దాని పుట్టుకను ఒక్కమారైనను విచారింపము. అట్టి పేర్లను గూర్చి మేము నేడు రెండు మాటలు విన్నవింపదలచితిమి.

లచ్చమ్మ యను పేరు వినగానే చదువుకొన్నవారు కొందరు ‘లక్ష్మమ్మ’ యని దిద్దుదురు. నోరు తిరుగక అట్లు పలికినారని వారి తలంపు. కాని సంస్కృతమందలి లక్ష్మి ప్రాకృతమున ‘లచ్ఛీ’ యైనది, తెలుగున ‘లచ్చి’ యైనది. అట్లే కృష్ణుడు ప్రాకృతమున ‘కణ్హు’డు, మన కన్నయ్య ఆ వంశమువాడే. ఇట్టి మాటలను మన వైయాకరణులు తద్భవములని గౌరవించిరి. చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణమున తత్సమములతోపాటు తద్భవములకును చోటు కలదు. కావున లచ్చమ్మ పేరును దిద్దువారు తప్పును దిద్దుట లేదు. ఒక పాత పేరును తుడిచివేయుచున్నారు.

పుట్టుక తెలియక చేయు పొరపాటు ఇంతకన్న పెద్దది. అది మేమే చేసితిమి. శ్రీకాకుళము ప్రాంతమున ఒక పల్లెబడిలో మేము ఉపాధ్యాయులుగా నున్న దినములలో, హాజరు వేళ ‘తవుడు’ అని పిలిచినప్పుడెల్ల తరగతి యంతయు నవ్వెడిది. మేమును లోలోన నవ్వుకొనెడివారము. ఒకనాడు ఆ బాలుని తల్లి రాగా, “మంచి పేరేదైన వ్రాయింపరాదా, అమ్మా?” అని యడిగితిమి.

“ఈడికి ముందు ఇద్దరు పుట్టి పోనారు బాబూ. ఈడు పుట్టగానే పక్కింటోళ్లకి తవుడుకిచ్చేసి, మళ్లీ తెచ్చుకున్నాం. ఆ పేరుతోనే బతికినాడు. ఇంతకన్నా మంచి పేరేటుంటాది?” అని యామె పలికినది.

మేము మారు పలుకలేకపోతిమి.

పెంటయ్య, పుల్లయ్య యను పేర్లును ఇట్టివే. పుట్టగానే పెంటకుప్పపై పరుండబెట్టిన బిడ్డ పెంటయ్య. పుల్లాకనగా ఎంగిలి విస్తరాకు. దానిపై పొర్లించిన బిడ్డ పుల్లయ్య. ఈ బిడ్డ విలువ లేనివాడు, కొనిపోవలదని మృత్యువును నమ్మించుటయే ఆ తల్లిదండ్రుల తాపత్రయము. వైద్యము, టీకాలు అందని కాలమున వారి చేతిలో నున్న రక్ష ఆ పేరొక్కటే.

మరునాడు హాజరు పిలుచుటకు ముందు ఈ సంగతి పిల్లలకు చెప్పితిమి. తరువాత ఆ పేరు పిలిచితిమి. ఎవరును నవ్వలేదు. “హాజరండీ” యని బాలుడు మునుపటికన్న గట్టిగా పలికినాడు.

శ్రోతలకు మా మనవి యొక్కటే. బడిలోగాని కచేరీలోగాని ఒకరి పేరు వ్రాయవలసి వచ్చినప్పుడు, వారినే యడిగి, వారు పలికినట్లే వ్రాయుడు, వ్రాసినట్లే పిలువుడు.