మనల్ని కాపాడేవాళ్ళను మనమూ కాపాడుకుందాం

2023 జూలై 29న కృష్ణగిరి పళయపేటలో బాణసంచా గోదాము పేలి ఇళ్ళు కూలినాయి, ప్రాణాలు పోయినాయి. అలాంటి చోటునుంచి మనం పరుగెత్తి వచ్చేస్తాం. ఫైర్ సర్వీసువాళ్ళు, 108 అంబులెన్సువాళ్ళు మాత్రం అక్కడికే పోతారు.

వాళ్ళకు మంటకన్నా పొగ పెద్ద శత్రువు. మంటలార్పే ఉద్యోగం క్యాన్సర్‌కు కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి క్యాన్సర్ పరిశోధన విభాగం 2022లో తేల్చింది. మన మగ్గాల ఇళ్ళ సంగతే చూడండి. పట్టు కాలితే ఆ పొగలో సైనైడ్ విషవాయువు ఉంటుంది. నూలు బేలు పైకి ఆరినట్టున్నా లోపల నిప్పు రాజుకుంటూనే ఉంటుంది.

కాబట్టి మన వంతు మనం చేద్దాం. సందులో బండ్లు అడ్డం పెట్టొద్దు. వీలైతే మెయిన్ స్విచ్ ఆపి బయటికి రావాలి. లోపల ఎవరున్నారు, గ్యాస్ సిలిండర్ ఎక్కడుంది, రంగులు, ఆసిడ్ ఎక్కడ పెట్టినాం అన్నది వాళ్ళు అడగకముందే చెప్పాలి. సెల్‌ఫోన్లు పట్టుకుని మూగొద్దు. అంబులెన్సు ఆలస్యమైందని అందులో వచ్చినవాళ్ళపై చేయెత్తొద్దు.

ప్రతి ఫైర్‌మన్‌కూ మంచి మాస్కు, గాలి సిలిండర్ ఉండాలని ప్రభుత్వాన్ని మన సంఘాలూ అడగాలి. అది మన ప్రాణాల కోసం కూడా.