మన వంశావళులు, మన ఊరి నక్షలు, మన సంఘ దస్తరములు
(శతాబ్ది సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన ప్రాంత చరిత్రను ఎట్లు కాపాడుకోవాలో నాలుగు మాటలు చెప్పుమని నిర్వాహకులు కోరినారు. చరిత్ర అనగానే మనకు పానగల్లు గుడి, దేవరకొండ దుర్గము, గద్వాల కోట కండ్లముందు కనబడతాయి. కందూరు చోడులు, రేచర్ల రెడ్లు తమ తాతముత్తాతల పేర్లను రాతిమీద చెక్కించుకున్నారు. గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, గోపాలుపేట సంస్థానాధీశుల వంశక్రమములు పుస్తకములలో దొరుకుతాయి. మంచిదే. కాని ఆ కోటకు రాయి మోసినవాని తండ్రి పేరేమి? ఆ చెరువు తూము కాచిన నీరటివాని తాత ఎవరు? ఈ సభలో కూర్చున్న మనలో నాలుగు తరముల వెనుకటి పేరు చెప్పగలవారు ఎందరున్నారు?

మనవాళ్లకు చదువు లేదు, భూమి లేదు, కనుక చరిత్ర కూడా లేదు అని మనమే అనుకోవడము అలవాటైపోయింది. ఆ మాట నిజము కాదు. మనవాళ్ల పేర్లు ఉన్నాయి. అయితే ఒక్కచోట లేవు. కొన్ని కథ చెప్పేవాని నోట ఉన్నాయి, కొన్ని రెవెన్యూ దస్తరములో ఉన్నాయి, కొన్ని మన సంఘముల బాప్తిస్మపు రిజిస్టరులలో ఉన్నాయి. ఈ మూటిని పక్కపక్కన పెట్టి చదివితే చరిత్ర కనబడుతుంది. వేటికవిగా వదిలిపెడితే మూడూ పోతాయి. నేను చెప్పదలచినది ఇదొక్కటే.

బైబిలు చదివేవారికి ఇది కొత్త సంగతి కాదు. చెర నుండి తిరిగి వచ్చిన యాజకులలో కొందరు తమ పేర్లు వంశావళుల పట్టికలో కనబడనందున యాజకత్వమునకు దూరమైనారని ఎజ్రా గ్రంథము చెబుతున్నది. పట్టిక పోతే మనిషి హక్కే పోయింది. యిర్మీయా సంగతి మరీ చిత్రమైనది. పట్టణము ముట్టడిలో ఉన్నది, తాను చెరసాలలో ఉన్నాడు. అప్పుడు 17 తులముల వెండి తూచి అనాతోతులో పొలము కొన్నాడు. క్రయపత్రములను చాలా దినములు నిలిచేటట్లు మట్టికుండలో పెట్టుమని బారూకునకు ఆజ్ఞాపించాడు. రేపు ఏమవుతుందో తెలియని రోజులలో కూడా కాగితము భద్రముగా ఉండాలని ఆయన చూచినాడు.

ఇక మొదటిది, నోటి మాట. మన తెలంగాణలో వంశములను గుర్తుపెట్టుకొనుటే వృత్తిగా ఉన్న కులములున్నాయి. కాపులకు పిచ్చిగుంట్లవారు గోత్రములు, ఇంటిపేర్లు చెబుతారు. పద్మశాలీలకు కూనపులివారు, విశ్వబ్రాహ్మణులకు రుంజవారు, గొల్లలకు మందహెచ్చులవారు ఉన్నారు. మాదిగలకు డక్కలివారున్నారు. వారు పటము విప్పి జాంబపురాణము చెబుతారు, కిన్నెర మీటుతారు, ఇంటింటి పెద్దల పేర్లను తలచుకుంటారు. నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన 12 మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్య ఈ డక్కలి కులస్థుడే. ఆయనకు 2022లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు మనమంతా సంతోషపడ్డాము. కాని మన గడపకు వచ్చిన కథకుని మనలో ఎందరు కూర్చోబెట్టి విన్నారు? మనము క్రైస్తవులమైనాము, ఆ పురాణముతో మనకేమి పని అని తలుపు వేసుకున్న ఇండ్లున్నాయి. పురాణమును నమ్మనక్కరలేదు. అందులో దాగియున్న మన ముత్తాత పేరును, ఆయన ఏ ఊరినుండి ఏ ఊరికి వలస పోయినాడో ఆ మాటను దాచుకోవచ్చును గదా. ఇచ్చేవారు లేక ఆ వృత్తి తగ్గిపోతున్నది. కథకుని కొడుకు పట్నములో కూలికి పోయినాడంటే వంద ఇండ్ల వంశావళి అక్కడితో తెగిపోయినట్లే.

రెండవది, నక్షలు, రెవెన్యూ దస్తరములు. 1853లో దివానైన మొదటి సాలార్‌జంగు 1865లో జిల్లాబందీ చేసిన తరువాత నిజాం రాజ్యములో భూముల సర్వే మొదలైనది. గొలుసు పట్టుకొని గట్టు గట్టు కొలిచినారు. ఊరికొక నక్ష గీసినారు, పొలమునకొక టిప్పన్ వేసినారు, సేత్వార్ రాసినారు. ఊరి నక్షను దగ్గర పెట్టుకొని చూడండి. వాగు, బాట, కుంట, ఆబాది, శ్మశానము, బావి అన్నీ అందులో ఉంటాయి. ఇండ్లు లేక దీపము వెలగని ఊరికి 'బేచిరాగ్' అని రాసినారు. మనము పాటిగడ్డ అని పిలిచే దిబ్బ ఒకనాటి పల్లె అని ఆ ఒక్క మాట చెబుతుంది.

నా తాతకు గుంట భూమి లేదు, ఆయన పేరు అందులో ఎందుకుంటుంది అని మీరనవచ్చును. ఇనాముల లెక్కలు చూడండి. ఊరి పనిచేసిన సేత్‌సింధీలు, నీరడివారు, బలోతాదారులు తమ పనికి బదులుగా ఇనాము భూములు అనుభవించినారు. మన మాల, మాదిగ పెద్దల పేర్లు అక్కడ తగులుతాయి. తెలంగాణ ప్రాంతపు ఇనాముల రద్దు చట్టము 1955లో వచ్చింది. అదే కాలమున, 1954-55లో, ఖాస్రా పహాణీ తయారైనది. పట్టాదారు పేరు, కబ్జాలో ఉన్నవాని పేరు రెండూ అందులో కనబడతాయి. పాత కాగితముమీద ఫసలీ సంవత్సరముంటే భయపడవద్దు. 590 కలిపితే క్రీస్తు శకము వస్తుంది. 1357 ఫసలీ అంటే 1947 అక్టోబరున మొదలైన ఏడు. 1948కి ముందటి కాగితములు చాలావరకు ఉర్దూలో ఉంటాయి. చదివి చెప్పగల ముసలివారు మన ఊళ్లలో ఇంకా కొందరున్నారు. వారుండగానే చదివించుకోవాలి.

ఈ కాగితములకు కష్టకాలము చాలాసార్లు వచ్చింది. సాయుధ పోరాటము నాడు నల్లగొండ జిల్లా పల్లెలలో దొరల గడీలనుండి అప్పు పత్రములు తెచ్చి తగలబెట్టినారు. బాధపడ్డవారి కోపమది, దానిని తప్పుపట్టుటకు నేను రాలేదు. 1984లో పటేలు, పట్వారీ పదవులు రద్దయినప్పుడు తరతరములుగా పట్వారి ఇంట్లోనున్న దస్తరము కచేరికి చేరవలసి వచ్చింది. అన్నిచోట్ల అంతా చేరలేదు. 2016 అక్టోబరు 11న మన రెండు జిల్లాలు విడిపోయి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, వనపర్తి, నాగర్‌కర్నూలు, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడినాయి. 2019లో నారాయణపేట వచ్చింది. పాలమూరునకు 1890లోనే మహబూబ్‌నగరమని పేరు మారింది. అందుచేత తాతగారి ఊరిని వెదకేవారు మొదట ఆ ఊరు ఏ కాలమున ఏ తాలూకాలో, ఏ జిల్లాలో ఉండెనో తెలుసుకోవాలి. లేకపోతే కచేరీల చుట్టూ తిరుగుడే మిగులుతుంది.

కొన్ని ఊళ్లకు ఇప్పుడు నక్ష తప్ప మరేమీ మిగలలేదు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. నల్లగొండ వైపు ఏలేశ్వరము మునిగిపోకముందు పురావస్తు శాఖవారు అక్కడ తవ్వకములు జరిపి దొరికినవి భద్రపరచినారు. 1980ల ఆరంభమున శ్రీశైలము జలాశయము నిండినప్పుడు పాలమూరు జిల్లాలోని కృష్ణ, తుంగభద్ర ఒడ్డు పల్లెలు మునిగినాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయి విప్పి ఆలంపురమునకు తరలించినారు. గుడి కదిలింది, సంతోషము. కాని పల్లెవాడలోని గుడిసెలను, చింతచెట్టు కింది ప్రార్థన స్థలమును, సమాధులను ఎవరు తరలిస్తారు? అటువంటి ఊరివారికి పాత నక్షయే తాతల ఇల్లు. పాలమూరు కూలీలు దేశమంతట ఆనకట్టలు కట్టినారు. ఆ ఆనకట్టల కిందనే మనవాళ్ల ఊళ్లు కొన్ని పోయినాయి.

మూడవది మన చేతిలోనిది, సంఘ దస్తరము. బాప్తిస్మపు రిజిస్టరు, వివాహపు రిజిస్టరు, సమాధుల రిజిస్టరు, కమిటీ మినిట్సు పుస్తకములు. వంశము చెప్పే కథకుడు తండ్రులను చెబుతాడు, తల్లులను వదులుతాడు. పహాణీలో ఆడవారి పేరు అరుదు. బాప్తిస్మపు రిజిస్టరులో సాధారణముగా తల్లి పేరుకు కూడా ఒక గడి ఉంటుంది. మన ముత్తవ్వల పేర్లు కాగితము మీద మిగిలిన చోటు బహుశః అదొక్కటే. ఎల్లమ్మ ఏ దినమున ఎలీశమ్మ అయినదో, మల్లయ్య ఎప్పుడు మత్తయి అయినాడో ఆ పుస్తకము చెబుతుంది. పాత పేరు తెలిస్తేనే కథకుని వంశావళితోను, ఇనాము లెక్కతోను కలుపుకోవచ్చును.

మన ఊళ్ల సంగతులు దూరదేశములలో కూడా ఉన్నాయి. 1889లో భారతదేశమునకు వచ్చి నల్లగొండ కేంద్రముగా పనిచేసిన అబ్రహాం ఫ్రీసెన్ రష్యా దేశపు మెన్నొనైటు. ఆయనను పంపినది అమెరికన్ బాప్టిస్టు మిషను. అందుచేత నల్లగొండ కబుర్లు అక్కడి సంఘ పత్రికలలో జర్మన్ భాషలో అచ్చయినాయి. బాప్టిస్టుల కాగితములు అమెరికాలో అట్లాంటాలోను, మెన్నొనైటు బ్రెదరెన్ కాగితములు ఫ్రెస్నో, హిల్స్‌బరో, విన్నిపెగ్ పట్టణములలోను, వెస్లియన్ మెథడిస్టుల కాగితములు లండనులోని సోయస్ గ్రంథాలయములోను ఉన్నాయి. బెంగుళూరు యునైటెడ్ థియొలాజికల్ కాలేజీలో కూడా మంచి సేకరణ ఉన్నది. షంషాబాదులో పుట్టిన మిషనెరీ కుమారుడు పాల్ హీబర్ట్ పాలమూరు జిల్లాలోని ఒక పల్లెను పరిశీలించి 'కొండూరు' అనే పేరుతో 1971లో పుస్తకము ప్రచురించినాడు. ఇక మన హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురావస్తు పత్రభాండాగారములో నిజాము కాలపు, అంతకు ముందు మొగలాయి కాలపు దస్తావేజులు కొల్లలుగా ఉన్నాయి. చదివేవారు లేరనేదే లోటు.

పట్టిక తయారుచేయుట ఎంత గొప్ప జవాబో మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి చూపించినాడు. తెలంగాణలో కవులు లేరని ఒకరు రాస్తే ఆయన 354 మంది కవుల రచనలు సేకరించి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చినాడు. లక్ష్మణరాయ పరిశోధక మండలివారు శాసనములు సేకరించి అచ్చువేసినారు. నల్లగొండ జిల్లావాడైన బి.ఎన్. శాస్త్రి ఈ రెండు జిల్లాల శాసనముల కొరకు ఊరూరు తిరిగినాడు. వీరి వెనుక సంపద లేదు, పట్టుదల ఉన్నది. మనకు ఆపాటి పట్టుదల లేకపోతుందా?

అయితే రెండు హెచ్చరికలు. కులగర్వమునకై వంశావళి వెదకవద్దు. మితములేని వంశావళులను లక్ష్యపెట్టవద్దని పౌలు తిమోతికి రాసినది మరువరాదు. రెండవది మరీ ముఖ్యము. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులముల హోదా లేదు. అందువల్ల బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరు పెట్టుకొని బ్రతికే కుటుంబములున్నాయని మనందరికి తెలుసు. వారిని నిందించవద్దు. జీవించియున్నవారి వివరములు బయటపెట్టి ఎవరి ఉద్యోగమునకు, ఎవరి బిడ్డ చదువుకు హాని చేయవద్దు. రిజిస్టరును కాపాడుట వేరు, వీధిలో చదువుట వేరు. పాత రిజిస్టరులో మనసు నొప్పించే మాటలుంటే వాటిని కొట్టివేయవద్దు, చింపవద్దు. ఆ మాటలు కూడా సాక్ష్యమే.

ఇక చేయవలసిన పని. ప్రతి ఇంటివారు ఒక నోటుబుక్కు తీసుకొని నాయనమ్మను, అమ్మమ్మను అడగండి. పేరు, పుట్టిన ఊరు, పెండ్లినాటి ఊరు, వలసపోయిన చోటు, ఎవరు చెప్పినారు, ఏ తేదీన చెప్పినారు రాయండి. చేతిలోని ఫోనులో ఆమె గొంతు కూడా పట్టుకోండి. ప్రతి సంఘము తన ఊరి నక్ష ప్రతి ఒకటి సర్వే, ల్యాండు రికార్డుల శాఖనుండి తెచ్చుకొని, పెద్దమనుష్యులను కూర్చోబెట్టి ఏ గట్టును ఏమని పిలిచేవారో, పల్లె పాతచోటు ఎక్కడనో వేరే కాగితముమీద గుర్తులు పెట్టించవలెను. పాత రిజిస్టరులను చెదలు పట్టే గోడ అలమరలో ఉంచక ఇనుప బీరువాలో గుడ్డచుట్టి పెట్టండి. పుటకు పుట ఫొటో తీయించి, ఒక ప్రతి సంఘములో, ఒక ప్రతి కేంద్ర కార్యాలయములో ఉంచండి. ప్లాస్టిక్ లామినేషన్ చేయించవద్దు, దానివల్ల పాత కాగితము పాడవుతుంది. డక్కలివారు, పిచ్చిగుంట్లవారు ఊరికి వస్తే అన్నము పెట్టి, బట్ట ఇచ్చి, మర్యాదగా వారి కథ రికార్డు చేసుకోండి. అది భిక్ష కాదు, వారికి మనమున్న బాకీ.

ఈ శతాబ్ది సంచికలో గుడి కట్టినవారి ఫొటోలు వేసినాము. ఇటుక మోసినవారి పేర్లు రాబోయే సంచికలోనైనా రావాలంటే వెదకుట ఇప్పుడే మొదలు కావాలి. ఎనభై దాటిన మన పెద్దలు రేపటి శతాబ్ది వరకు ఆగరు. ఈ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత పక్కన కూర్చున్న ముసలమ్మను "అవ్వా, మీ అమ్మ పేరేమి?" అని అడిగి రాసుకోండి.