దాతయు, సభయు, అధ్యక్షపీఠమును

(ఒక పట్టణ పఠనమందిరపు వార్షికసభలో స్థానిక న్యాయవాది యొకరు చేసిన యుపన్యాసము)



నన్ను పిలిచినది ఉత్సవమునకే యైనను, నేను మాటాడబోవునది యొక వ్యవహారమును గూర్చి. మన మందిరపు కప్పు మూడు వానకాలములుగా కారుచున్నది. దానిని తీసివైచి రెండంతస్తుల భవనము గట్టింతునని మన పట్టణమునందలి యుదారు లొకరు జాబు వ్రాసియున్నారు. ఆ జాబున రెండు నియమములు గలవు. భవనమునకు తమ తండ్రిగారి పేరుంచవలెను. అధ్యక్షపదవి యావజ్జీవము తమకును, తమ యనంతరము తమ కుమారునికిని ఉండవలెను. ఇందుకనుగుణముగా నిబంధనలను సవరించు చిత్తు వ్రాయుమని కార్యవర్గమువారు నన్ను గోరిరి. మొదటిదానికి వ్రాసితిని. రెండవదానికి కలము సాగలేదు.

దాతగారు మంచివారు. ఈ మాట మొగమాటమునకు జెప్పుటలేదు. వారి తండ్రిగారి పేరు గోడమీద జెక్కించుటకు నాకభ్యంతరము లేదు. పెద్ద యక్షరములతోనే చెక్కింతము. కాని పేరు వేరు, పీఠము వేరు.

స్కాట్లండున బుట్టి, అమెరికాలో ఉక్కుపరిశ్రమవలన కోటీశ్వరుడైన ఆండ్రూ కార్నెగీ వివిధదేశములందు 2,509 గ్రంథాలయ భవనములకు ధనమిచ్చెను. ఆయనయు నియమము విధించెను. స్థలమును ఊరివారే చూపవలెను. సామాన్యముగా, ఇచ్చిన సొమ్ములో పదవవంతును ఏటేట ఊరివారే పన్నులనుండి నిర్వహణకు వెచ్చింపవలెను. ఈ నియమమును మన జాబులోని నియమముతో పోల్చి చూడుడు. అది భారమును ఊరిమీద బెట్టి, అధికారమును ఊరికే వదలినది. ఇది మన భారమును తీసికొని, దానితోపాటు అధికారమునుగూడ తీసికొనిపోవుచున్నది. కార్నెగీని దేవుని జేయుట నా యుద్దేశము గాదు. 1892లో హోమ్‌స్టెడ్డునందలి ఆయన కర్మాగారమున కూలినిగూర్చిన తగవు పోరాటమై ప్రాణములు పోయినవి. ఆ సొమ్ము మాకక్కరలేదన్న పట్టణములును గలవు.

దూరదేశపు మాట చాలును. బెజవాడలో రామమోహన గ్రంథాలయము 1911లో వెలసినది. 1914 ఏప్రిల్ 10న ఆ పట్టణముననే అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో, చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి యధ్యక్షతను, ఆంధ్రదేశ గ్రంథాలయముల ప్రతినిధులు కూడిరి. వేటపాలెమున 1918లో మొలకెత్తిన సారస్వతనికేతనమునకు గాంధీమహాత్ముడు 1929లో శంకుస్థాపన చేసెను. ఆ కాలమున సామాన్యునికి శాసనసభ వోటు లేదు. తీర్మానము ప్రతిపాదించుట, బలపరచుట, ఎదుటివాని మాట కడవరకు వినుట, లెక్క యొప్పజెప్పుట - ఇవన్నియు అనేకులు మొదట నేర్చినది పఠనమందిరపు చాపమీదనే. పుస్తకములకంటె ఆ యభ్యాసమే గొప్పదని నాకు తోచును. ఈ మాటకు మన పుస్తకభాండారి కోపగింపకుందురుగాక!

ఇంకొక సంగతి. 1948 నాటి మద్రాసు గ్రంథాలయ చట్టముతో గ్రంథాలయ పన్ను వచ్చినది. 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టము వచ్చినది. నేడును ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున మనము చెల్లించుచున్నాము. వసూలైన సొమ్మును స్థానికసంస్థలు గ్రంథాలయ సంస్థలకు సకాలమున జమచేయవను ఫిర్యాదు పాతబడినది. జిల్లా సంస్థ యధ్యక్షుని ప్రభుత్వము నియమించును. పన్ను గట్టువాడు ఎన్నుకొనడు. అచ్చట మనకు లేని వోటు ఈ చిన్న మందిరమున నున్నది. దీనినిగూడ దస్తావేజు వ్రాసి యిచ్చివేయుదమా?

ఇతరులకు నీతి చెప్పుచున్నాననుకొనవలదు. ఇంతకుముందు వేరొక సేవాసంఘమునకు నేను ఏడేండ్లు కార్యదర్శిగా నుంటిని. ఖర్చంతయు ఒక్క దాతయే భరించుచుండిరి. సర్వసభ్యసమావేశ మనవసరమని మేమిద్దరమును అనుకొంటిమి. 1860 నాటి సంఘముల చట్టమునుండియు ఏటేట కార్యవర్గపు జాబితాను రిజిస్ట్రారునకు పంపవలెనని యున్నది. నేను ఆ పాత పేర్లనే తిరుగవ్రాసి సంతకముచేసి పంపుచుంటిని. చట్టము తెలియదనుటకు నేను వకీలునైతిని! దాతగారు కాలధర్మము నొందిరి. వారి వారసులకు ఆసక్తి లేకపోయెను. అప్పుడు సభ్యులకు నూట ఇరువది జాబులు వ్రాసితిని. తొమ్మండ్రు వచ్చిరి. అందొకరు, “ఇది వారి సంఘము గదా, మాకేమి పని?” అనిరి. ఆ మాటకు బదులు నాయొద్ద లేదు. ఆ యింటికి నేటికిని తాళమే.

దాత లేకున్న కప్పు ఎవరు వేయింతురని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. నా సూచన యిది. పేరు విషయమై వారి కోరికను వందనములతో నంగీకరింతము. అధ్యక్షపదవికి వారు అందరివలె రెండేండ్లకొకసారి సభ ముందునకు రావలెనని మనవి చేయుదము. వారు నిలిచినయెడల నా వోటు వారికే. సభ్యులమందరము నెలకు ఏబది రూపాయల చొప్పున కట్టి, నిర్వహణభారము మనమే వహింతము. నెలనెల జమాఖర్చులను తెలుగున వ్రాసి, పత్రికల బల్లప్రక్క గోడకు అంటింతము. వారు కాదన్నయెడల రెండంతస్తులు మాని, ఉన్న కప్పునకే రేకులు వేయింతము. తాపీమేస్త్రీని బిలిచి అంచనా వేయించితిని. ఆ కాగితము కార్యదర్శిగారి యొద్ద నున్నది.

వారికి వ్రాయవలసిన ప్రత్యుత్తరపు చిత్తును ఇప్పుడు చదివెదను. మార్చవలసిన మాట యేదైన నున్న అచ్చటనే నన్నాపుడు.